అర కిలో నూనె, 88 గ్రాముల కాస్టిక్ సోడా: మా ఇంటి బట్టల సబ్బు

మా ఆవిడకు లంగా బొందు కట్టుకునే చోట నడుము చుట్టూ ఎర్రటి గీత పడింది. రవిక చంకల కింద, మెడ వెనక కూడా అదే ఎరుపు, అదే దురద. మా కందుకూరు ఎండల్లో చెమట గురించి వేరే చెప్పాలా? చెమటకాయలేమో అనుకొని రెండు నెలలు పౌడరు చల్లుకుంది. తగ్గలేదు. ఒంగోలులో చర్మం డాక్టరుకు చూపిస్తే ఆయన మొదట అడిగింది వేరే సంగతి: "బట్టలు దేంతో ఉతుకుతారు? ఎన్నిసార్లు జాడిస్తారు?"

"రెండుసార్లు" అంది ఆమె.

"ఒకటిన్నర" అన్నాను నేను. బయటికొచ్చాక దానికి నాకు పడాల్సింది పడింది, అది వేరే కథ.

ఆయన పది రోజులకు పూత మందు రాసి, వాసన లేని సబ్బుతో ఉతకమనీ, ఇంకా బాగా జాడించమనీ చెప్పాడు. బజారులో ఏ పౌడరు మూత తీసినా గుప్పున సెంటు వాసన. ఆ సెంటు చాలామందికి పడదు. తెల్లగా మెరిపించడానికి కలిపే రంగులు, నురగ కోసం వేసే ఘాటు రసాయనాలు కూడా కొందరి చర్మానికి గిట్టవు. అందుకని సబ్బు నేనే చేస్తానన్నాను. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో 29 ఏళ్లు ల్యాబ్ అటెండరుగా చేసినవాణ్ని. కాస్టిక్ సోడా నీళ్లు కలపడం నాకు కాఫీ కలపడం లాంటిది. ఆ ధీమాతోనే మొదటి విడత చెడగొట్టాను. అదీ చెబుతాను.

ముందు ఒక మాట. ఈ సబ్బు మందు కాదు. ఎరుపు గుండ్రంగా, అంచు ఉబ్బి, రోజురోజుకీ పెద్దదవుతుంటే అది తామర కావచ్చు, దానికి వైద్యం వేరు. మెడికల్ షాపులో అడిగి ఏదో ఒక ట్యూబు పూసుకుంటే, అందులో స్టెరాయిడ్ ఉంటే తామర ఇంకా ముదురుతుంది. రసి కారుతున్నా, జ్వరం ఉన్నా డాక్టరు దగ్గరికే వెళ్లండి. రవికకు పెట్టుకునే పిన్నీసు తగిలే చోట మాత్రమే దురద వస్తుంటే తప్పు సబ్బుది కాదు, పిన్నీసులోని నికెల్‌ది కావచ్చు. ఇవన్నీ కాదని తేలితే సబ్బు సంగతికి రండి.

సబ్బు అంటే నూనె, కాస్టిక్ సోడా, నీళ్లు. ఈ మూడే. నూనెతో కాస్టిక్ కలిసిపోయి రెండూ మాయమై సబ్బు, గ్లిజరిన్ మిగులుతాయి. లెక్క సరిగ్గా ఉంటే చివరికి కాస్టిక్ మిగలదు. లెక్క తప్పితే మిగులుతుంది, చర్మాన్ని తింటుంది. అందుకే ఇది చిటికెలూ గుప్పెళ్లూ పనికొచ్చే వంట కాదు. గ్రాము వరకు చూపించే చిన్న డిజిటల్ కాటా లేనివాళ్లు ఇక్కడే ఆగిపోవాలి.

నా లెక్క ఇది. కొబ్బరినూనె 500 గ్రాములు, కాస్టిక్ సోడా 88 గ్రాములు, నీళ్లు 180 గ్రాములు. కొబ్బరినూనె గ్రాముకు సుమారు 0.183 గ్రాముల కాస్టిక్ పడుతుంది. ఆ లెక్కన 500 గ్రాములకు 91.5 కావాలి. నేను కావాలనే మూడున్నర గ్రాములు తగ్గించాను, కొంచెం నూనె మిగలడం కోసం. మిగిలిన నూనె ఎవరికీ హాని చేయదు. ఒంటి సబ్బుకైతే ఇంకా ఎక్కువ నూనె మిగిలిస్తారు కానీ బట్టల సబ్బులో అలా చేస్తే ఆ జిడ్డు బట్టకు పడుతుంది. కొబ్బరినూనె ఖరీదు భరించలేకపోతే 350 గ్రాముల కొబ్బరినూనెకు 150 గ్రాముల పామాయిల్ కలపండి. అప్పుడు కాస్టిక్ 82, నీళ్లు 170 గ్రాములు. పామాయిల్‌కు కాస్టిక్ తక్కువ పడుతుంది, కాబట్టి నూనె మార్చి కాస్టిక్ పాత తూకమే వేయకండి.

ఇప్పుడు నేను చేసిన తప్పు. అర లీటరు ప్యాకెట్ కత్తిరించి గిన్నెలో పోసేశాను. అర లీటరు అంటే అర కిలోనే కదా అనుకున్నాను. కాదు. నూనె నీళ్లకన్నా తేలిక, అర లీటరు కొబ్బరినూనె 460 గ్రాములు కూడా తూగదు. అంత నూనెకు 84 గ్రాముల కాస్టిక్ సరిపోతుంది. నేను వేసింది 88. నాలుగు గ్రాములే కదా అనిపిస్తుంది. ఫినాఫ్తలీన్ అని ల్యాబ్ మందు ఒకటుంది, క్షారం తగిలితే గులాబీ రంగుకు మారుతుంది. ఆ సబ్బు మీద దాని చుక్క వేస్తే బీట్‌రూట్ రసం ఒలికినట్టు అయింది. 29 ఏళ్లు పిల్లలకు "తూకం చూడండ్రా, కొలత కాదు" అని అరిచిన మనిషిని నేను. ఆ దిమ్మ మొత్తం చేతులకు గ్లౌజులు వేసుకొని బాత్‌రూమ్ గచ్చు రుద్దడానికి వాడాను. గచ్చు మాత్రం బ్రహ్మాండంగా తెల్లబడింది.

కొబ్బరినూనె అంటే వంటకు వాడేదే. తలకు రాసుకునే సువాసన నూనెల్లో కొన్నింటిలో మినరల్ ఆయిల్ ఉంటుంది. అది పెట్రోలియం సరుకు. ఎంత కాస్టిక్ వేసినా సబ్బు కాదు, పైగా తూకం తప్పి కాస్టిక్ మిగిలిపోతుంది. సీసా మీది చిన్న అక్షరాలు చదవండి. పకోడీలు వేయించి మిగిలిన నూనెతో కూడా సబ్బు చేసేవాళ్లున్నారు. గిన్నెలు తోముకోవడానికైతే సరే. సున్నితమైన చర్మం మీద వేసుకునే బట్టలకు మాడిన నూనె వద్దు.

కాస్టిక్ సోడా రసాయనాల కొట్లలో, కొన్ని హార్డ్‌వేర్ షాపుల్లో పెచ్చులుగా అమ్ముతారు. డబ్బా మీద సోడియం హైడ్రాక్సైడ్ అని, శుద్ధి 97 శాతమో 98 శాతమో అని ఉండాలి. మూసుకుపోయిన తూములకు పోసే పొడి కొనకండి, అందులో వేరే సరుకులు కలుపుతారు. తెచ్చిన రోజే గట్టి ప్లాస్టిక్ డబ్బాలో బిగించండి. మాది సముద్రానికి దగ్గరి ఊరు. గాలిలో తేమ ఎక్కువ. మూత వదులైతే వారంలో పెచ్చులు చెమ్మ పీల్చుకొని ముద్దవుతాయి, బలం తగ్గుతుంది, మీ తూకం అబద్ధమవుతుంది. చూడ్డానికి పటికబెల్లం ముక్కల్లా, రాళ్ల ఉప్పులా ఉంటుంది కాబట్టి డబ్బా మీద పెద్ద అక్షరాలతో విషం అని రాసి, వంటింట్లో కాకుండా వేరే చోట, పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి. మా మనవరాలు వచ్చిన వారం రోజులూ నేను సబ్బు పనే పెట్టుకోను.

గిన్నెలు స్టీలువి కావాలి. మనం సిల్వర్ గిన్నె అనే అల్యూమినియం గిన్నె అసలు పనికిరాదు. కాస్టిక్ తగలగానే బుసబుసా పొంగి హైడ్రోజన్ వదులుతుంది, గిన్నెను తినేస్తుంది. కాలేజీలో పిల్లలకు చిన్న ముక్క వేసి చూపిస్తేనే వెనక్కి దూకేవాళ్లు. చెక్క గరిటె కూడా వద్దు. మా ఆవిడ ఉదయగిరి నుంచి తెప్పించుకున్న చెక్క గరిటెల్లో ఒకదాన్ని నేను చెప్పకుండా తీసుకున్నాను. నున్నగా మెరిసే గరిటె రెండు విడతలకే పీచు లేచి, కొబ్బరి డొక్కలా తయారైంది. ఇప్పుడు స్టీలు గరిటె ఒకటి నాకు విడిగా ఇచ్చింది, దాని కాడకు ఎర్ర దారం కట్టి మరీ. సబ్బుకు వాడిన సామాను మళ్లీ వంటకు రాకూడదు.

పని చేసే చోటు వరండా. గాలి నా వీపు వైపు నుంచి వీచేలా నిలబడతాను. నిండు చేతుల చొక్కా, రబ్బరు గ్లౌజులు, కాళ్లకు బూట్లు, కళ్లకు పక్కలు కూడా మూసే కళ్లద్దాలు. చదువుకునే కళ్లజోడు చాలదు. పక్కన నిండు బక్కెట నీళ్లు. చర్మం మీద పడితే ధారగా నీళ్లు పోస్తూ కనీసం పావుగంట కడగాలి. నిమ్మరసమో వెనిగరో పోస్తే విరుగుడు అవుతుందని పోయకండి, నీళ్లే మందు. కంట్లో పడితే కడుగుతూ కడుగుతూనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇక చేయడం. 180 గ్రాముల టిన్ను నీళ్లు, అంటే ఆర్‌ఓ ప్లాంటు నీళ్లు, స్టీలు గిన్నెలో తూచుకోండి. బోరు నీళ్లు వద్దు. 88 గ్రాముల కాస్టిక్ వేరే పొడి డబ్బాలో తూచుకోండి. ఇప్పుడు కాస్టిక్‌ను నీళ్లలోకి కొంచెం కొంచెంగా వేస్తూ కలపాలి. నీళ్లను కాస్టిక్ మీద పోయకూడదు, పోస్తే ఉడికి మొహం మీదికి చిమ్ముతుంది. ఈ ఒక్క వరుస తలకిందులు కాకుండా చూసుకుంటే సగం ప్రమాదం తప్పినట్టే. పొయ్యి లేకుండానే గిన్నె సలసలా కాగినంత వేడెక్కుతుంది, ఘాటైన ఆవిరి వస్తుంది. మొహం పక్కకు తిప్పి కలిపి, కరిగాక మూత లేకుండా ఓ గంట పక్కన పెట్టండి. ఆ గంటా ఎవరో ఒకరు దగ్గర ఉండాలి. ఎవరైనా మంచినీళ్లనుకుంటే?

కొబ్బరినూనె మా ఊళ్లో ఏడాదిలో పది నెలలు కరిగే ఉంటుంది. సంక్రాంతి ముందు చలి రోజుల్లో తెల్లారేసరికి గడ్డకడితే ఎండలో పెడితే చాలు. కాస్టిక్ నీళ్ల గిన్నెను బయట నుంచి తాకితే గోరువెచ్చగా అనిపించాలి. అప్పుడు నూనెలోకి సన్నధారగా పోస్తూ కలపండి. చేత్తో అయితే అరగంట, ఒక్కోసారి ముప్పావుగంట. చిన్న హ్యాండ్ బ్లెండర్ ఉంటే అయిదు నిమిషాల్లో అయిపోతుంది, కానీ దాని తల పూర్తిగా మునిగాకే మీట నొక్కండి, లేకపోతే చిందుతుంది. ముందు పల్చటి మజ్జిగలా ఉంటుంది, తర్వాత చిక్కబడుతుంది. గరిటె ఎత్తి పైన చుక్క కారిస్తే ఆ గీత కాసేపు కనబడాలి, బజ్జీల పిండిలాగా. అదే పాకం. అంతకు మించి కలిపితే గిన్నెలోనే బిగుసుకుంటుంది.

దిమ్మ తేలికగా ఊడేందుకు ఐస్‌క్రీమ్ ప్లాస్టిక్ డబ్బా లోపల ముందే ప్లాస్టిక్ కాగితం పరిచి, పాకం వచ్చాక అందులో పోయండి. పైన అట్ట కప్పండి. లోపల వేడి పుట్టి దిమ్మ నడుమ గాజులా కాస్త తేటపడుతుంది, భయపడక్కర్లేదు. రోహిణి కార్తె మధ్యాహ్నం మాత్రం సబ్బు పని పెట్టుకోకండి. ఆ ఎండకు లోపలి వేడీ బయటి వేడీ కలిసి దిమ్మ నడుమ పగిలి పొంగుతుంది, నాకొకసారి డబ్బా అంచు దాటింది. తెల్లవారుజామున చేసేయండి.

కొబ్బరినూనె సబ్బు గట్టిపడటంలో తొందర ఎక్కువ. ఉదయం ఆరింటికి పోస్తే మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ముక్కలు కోసేయాలి. మర్నాటికి వదిలేస్తే రాయి అవుతుంది, కత్తి పెడితే పెళ్లలు పెళ్లలుగా రాలుతుంది. కోసేటప్పుడూ గ్లౌజులు ఉండాలి, ఆ రోజుకు ఇంకా కాస్టిక్ పూర్తిగా కలిసిపోలేదు. ఒకటి రెండు రోజుల్లో ఆ పని ముగుస్తుంది. తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు నీడలో, గాలి తగిలే చోట, ముక్కలు ఒకదానికొకటి తగలకుండా ఆరబెట్టాలి. నేను పాత పళ్ల బుట్టలో అట్ట పరిచి అటక మీద పెడతాను, తేదీ మేకుతో సబ్బు మీదే గీస్తాను. వాన రోజుల్లో పైన చెమట బొట్లలా వస్తే అది గ్లిజరిన్ గాలిలోని తేమను పీల్చడం, పాడైనట్టు కాదు.

వాడేముందు పరీక్ష. ఫినాఫ్తలీన్ అందరి దగ్గరా ఉండదు, ల్యాబ్ సామాను అమ్మే కొట్లో చిన్న సీసా దొరుకుతుంది. తడిపిన సబ్బు మీద చుక్క వేస్తే లేత గులాబీ రంగు రావచ్చు, సబ్బు తీరే అంత, కొంచెం క్షారమే. చిక్కటి ముదురు రంగు వస్తే ఆ విడత గచ్చుకే. నాలుక కొనకు తాకించి చూసే పద్ధతి కూడా ఉంది. సబ్బు రుచి తెలిస్తే మంచిది, కరెంటు తగిలినట్టు చురుక్కుమంటే చెడ్డది. నాకు మొదటిదే ఇష్టం. రెండోది చేస్తుంటే మా ఆవిడ నా వైపు చూసే చూపు భరించలేను.

ఇందులో ఇంకేమైనా వేయొచ్చా అని చాలామంది అడిగారు. వేపనూనె వేయండి, పసుపు వేయండి, నిమ్మ పిండండి అని సలహాలు. పసుపు బట్టకు మరక. వేపనూనె వాసన చొక్కాలో మూడు ఉతుకులు ఉంటుంది, పైగా కొందరికి అదీ పడదు. చెట్టు నుంచి వచ్చిందంత మాత్రాన చర్మానికి చుట్టం కాదు. లావెండర్ లాంటి తైలాలు వేస్తే మనం వద్దనుకున్న సెంటు మళ్లీ దొడ్డిదారిన వచ్చినట్టే. నిమ్మకాయ, వెనిగర్ సబ్బులో కలిపితే పాలు విరిగినట్టు సబ్బు విరిగిపోతుంది. పులుపు తగలగానే సబ్బు మళ్లీ జిడ్డుగా మారిపోతుంది.

సబ్బు చేతికొచ్చాక దురద తగ్గిందా? లేదు. మొదటి నెల పెరిగింది. ఇక్కడే అసలు సంగతి తెలిసింది.

మా బోరు నీళ్లు ఉప్పు తగులుతాయి, గట్టి నీళ్లు. పప్పు ఉడకదు, కొళాయి మూతికి తెల్లగా పక్కు కడుతుంది. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బును పట్టుకొని విరిచేస్తాయి. నురగకు బదులు బూడిదరంగు తెట్టు కడుతుంది. నురగ రావడం లేదని నేను ఇంకా సబ్బు రుద్దాను. ఆ తెట్టంతా బట్టలోకి దిగింది. తువ్వాళ్లు అట్టల్లా బిరుసెక్కాయి, నీళ్లు పీల్చడం మానేశాయి. లంగా బొందు తాడులా అయింది. షాపు పౌడర్లు గట్టి నీళ్లలో కూడా నురగ ఇస్తాయి, వాటి గొప్ప అదే. ఇంటి సబ్బు అలా కాదు. నీళ్ల సంగతి చూడకుండా ఇంటి సబ్బు మొదలుపెడితే దురదను కొని తెచ్చుకున్నట్టే.

మీ నీళ్లు ఎలాంటివో తెలుసుకోవడం తేలిక. ఖాళీ సీసాలో సగం నీళ్లు పోసి, గోరంత సబ్బు తురుము వేసి గట్టిగా కుదపండి. నురగ నిలబడి కింద నీళ్లు తేటగా ఉంటే మెత్తటి నీళ్లు. నురగ లేక పాలవిరుగుడులా ఉంటే గట్టివి. మా ఇంట్లో బోరు నీళ్లు, మునిసిపాలిటీ నీళ్లు, వాన నీళ్లు మూడు సీసాల్లో పక్కపక్కన పెట్టి చూపిస్తే, అప్పటిదాకా నా ప్రయోగాలను పట్టించుకోని మా అల్లుడు కూడా ఫోటో తీసుకున్నాడు.

గట్టి నీళ్లకు మందు చాకలి సోడా. వంటసోడా కాదు, బట్టల సోడా. మా చిన్నప్పుడు చాకిరేవులో చౌడు మన్నుతో బట్టలు ఉడకబెట్టేవాళ్లు, ఆ చౌడులో పనిచేసేది కూడా ఈ సోడానే. సోడా నీళ్లలోని కాల్షియాన్ని ముందే పట్టేస్తుంది, ఇక సబ్బు జోలికి రాదు. అందుకే వరుస ముఖ్యం. పదిహేను లీటర్ల బక్కెటకు నిండు చెంచా, అంటే సుమారు పది గ్రాముల సోడా వేసి కలిపి పది నిమిషాలు ఆగాలి. తర్వాతే సబ్బు. సబ్బును తురిమి రెండు పెద్ద చెంచాలు వేడినీళ్ల గ్లాసులో కరిగించి బక్కెటలో పోస్తాను. కోసిన పది రోజులకే తురిమి నీడలో ఆరబెట్టుకుంటే చేతులు నొప్పెట్టవు, ఆరు వారాల తర్వాత అయితే తురుము పీటే అరిగిపోతుంది. సబ్బు తురుమూ సోడా కలిపి ఒకే పొడిగా పెట్టుకోమంటారు కొందరు. నేను రెండు సీసాలు విడిగా ఉంచుతాను. మునిసిపాలిటీ నీళ్లు వచ్చిన రోజు సోడా సగం చాలు, వాన నీళ్లకు అసలు వద్దు. సోడా కూడా చేతుల్ని మండిస్తుంది, గ్లౌజులు ఉండాలి. మా ఆవిడ చేతులకు గ్లౌజుల్లో చెమట పట్టి మళ్లీ దురద. కాబట్టి ఇప్పుడు ఉతికేది నేనే.

అరగంట నానబెట్టి, ఉతికి, గట్టిగా పిండాలి. మొదటి జాడింపు గోరువెచ్చని నీళ్లతో. తర్వాత రెండుసార్లు మామూలు నీళ్లతో, ప్రతిసారీ కొత్త నీళ్లు. ఒకే బక్కెటలో అందరి బట్టలూ ముంచి తీసేదాన్ని జాడించడం అనరు. ఆఖరి నీళ్లు వేళ్ల మధ్య జారుడుగా అనిపిస్తే ఇంకోసారి.

అయినా కంటికి తెలియదు, వేలికి తెలియదు. దానికి నేను వాడేది పసుపు కాగితం. పసుపూ సున్నం కలిపితే పారాణి ఎర్రబడుతుంది, దిష్టి తీసే నీళ్లు ఎర్రబడతాయి. పసుపు మరక మీద సబ్బు రుద్దితే ఎర్రబడటం అందరూ చూసిందే. క్షారం తగిలితే పసుపు ఎరుపవుతుంది, అంతే. చెంచాడు పసుపు అరకప్పు సర్జికల్ స్పిరిట్‌లో కలిపి, తేరుకున్నాక అందులో తెల్ల కాగితం ముక్కలు ముంచి నీడలో ఆరబెట్టండి. పొయ్యి దగ్గర చేయకండి, స్పిరిట్ అంటుకుంటుంది. ఆఖరి జాడింపు తర్వాత బట్ట అంచు పిండి ఆ చుక్కలు కాగితం మీద వేయండి. పక్కనే ఉత్త కొళాయి నీళ్ల చుక్క వేయండి, ఎందుకంటే బోరు నీళ్లే కొంచెం క్షారంగా ఉండొచ్చు. రెండు మచ్చలూ ఒకేలా ఉంటే బట్టలో సబ్బు, సోడా పోయినట్టు. బట్ట మచ్చ ఎక్కువ ఎర్రగా ఉంటే ఇంకో బక్కెట. మొదటిసారి చేసినప్పుడు లంగా బొందు దగ్గర అయిదు జాడింపులు పట్టింది. మిగతా బట్ట మూడింటికే వదిలింది. మడతలు, అంచులు, ఎలాస్టిక్కు, కాలరు, వీటిలోనే సబ్బు దాక్కుంటుంది. దురద వచ్చేదీ అక్కడే. ఆ రోజు మా ఆవిడ కాగితం చూసి ఏమీ అనలేదు, బొందు మళ్లీ నా చేతికిచ్చింది.

సబ్బు పూర్తిగా పోయాక, కావాలంటే ఆఖరి బక్కెటలో రెండు పెద్ద చెంచాల తెల్ల వెనిగర్ వేయొచ్చు, మిగిలిన క్షారం తగ్గుతుంది. సబ్బు ఉండగానే వేస్తే జిడ్డు అంటుకుంటుంది. బ్లీచింగ్ పౌడరు గానీ, తెల్లబట్టలకు పోసే బ్లీచు గానీ వాడిన బక్కెటలో వెనిగర్ పొరపాటున కూడా కలపకండి, క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరాడదు.

తెట్టు పట్టి బిరుసెక్కిన పాత తువ్వాళ్లను పారేయక్కర్లేదు. వేడినీళ్లలో సోడా వేసి రాత్రంతా నానబెట్టి మూడు నాలుగుసార్లు జాడిస్తే చాలావరకు మెత్తబడతాయి. వాషింగ్ మెషిన్‌లో ఈ సబ్బు వేసేవాళ్లు వేడినీళ్లలో పూర్తిగా కరిగించి, తక్కువగా వేసి, ఒక జాడింపు అదనంగా పెట్టుకోండి. గట్టి నీళ్లలో మెషిన్ లోపల తెట్టు పేరుకుంటుంది కాబట్టి నేనైతే వేయను.

మొదలుపెట్టేవాళ్లు ఇంట్లోవన్నీ ఒకేసారి మార్చకండి. ఒక దిండు గలీబు, రెండు రవికలు ఇలా ఉతికి వారం వాడి చూడండి. ఆ వారం ఒంటి సబ్బు, పౌడరు, తలనూనె ఏదీ మార్చొద్దు, మారిస్తే ఏది పడిందో ఏది పడలేదో తెలియదు. మా ఆవిడకు ఎరుపు పోవడానికి జాడింపులు సరిచేసిన తర్వాత మూడు వారాలు పట్టింది. పూత మందు అప్పటికే ఆపేసింది. నడివేసవిలో మెడ వెనక ఇప్పటికీ కొంచెం వస్తుంది.

పట్టు, ఉన్ని బట్టలకు ఈ సబ్బు వద్దు. క్షారం ఆ పోగును బలహీనం చేస్తుంది. వాటికి కుంకుడుకాయలే. గింజ తీసి వేడినీళ్లలో నానబెట్టి, పిసికి, పలచటి గుడ్డలో వడకట్టి, ఆ రసంలో ముంచి తీయాలి. కంట్లో పడితే మండుతుంది, అది కూడా జాగ్రత్త. బీరువా అడుగున మా ఆవిడ వెంకటగిరి చీర ఒకటుంది, జరీ అంచుది. ఉతుకు పనంతా నాకు అప్పగించిన మనిషి, కుంకుళ్లు నానబెట్టిన రోజు మాత్రం నన్ను పెరట్లోకి రానివ్వదు. "నీ ప్రయోగాలు నా నడుము దాకానే" అంటుంది.